ఉపాధి కూలి ‘జమ అయింది’ అంటారు, ఖాతాలో కనిపించదు: డబ్బు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం ఎలా

ఉపాధి హామీ పనికి వెళ్లినవారు చెప్పే ఫిర్యాదు సాధారణంగా ఒక్కటే: వారాలు గడిచినా కూలి పడలేదు. ఆ ఒక్క మాట వెనుక కారణాలు మాత్రం వేర్వేరుగా ఉంటాయి. డబ్బు అసలు బయలుదేరిందో లేదో తేల్చుకోకుండా బ్యాంకుకు వెళితే మండల కార్యాలయానికి పొమ్మంటారు, అక్కడికి వెళితే తిరిగి బ్యాంకుకే పంపుతారు. అందువల్ల ముందుగా జాబ్ కార్డు నంబరుతో ఉపాధి హామీ వెబ్‌సైటులో గాని, ఫీల్డ్ అసిస్టెంటు ద్వారా గాని, ఆ వారపు మస్టర్ (కూలీల హాజరు పట్టిక) ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి.

పని దినాలే కనిపించకపోతే

తప్పు హాజరులో ఉన్నట్టు. వ్యక్తిగత లబ్ధి పనులు (ఒక కుటుంబం సొంతానికి చేసే పనులు) మినహా మిగిలిన పనులకు 2023 జనవరి నుంచి యాప్‌లో ఫొటోతో హాజరు తప్పనిసరి అయినందున, ఆ ఫొటో ఎక్కకపోతే చేసిన పని లెక్కలోకి రాదు. తేదీలు, పని పేరు, జాబ్ కార్డు నంబరు రాసి ఎంపీడీఓకు (మండల అభివృద్ధి అధికారికి) దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఆధారం మిగలదు.

చెల్లింపు ఉత్తర్వు తయారైనా డబ్బు కదలకపోతే

ఇది నిధుల జాప్యం. బ్యాంకులో చేయగలిగింది ఏమీ లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ప్రకారం మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి అందాలి, 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం చెల్లించాలి. 1,800 రూపాయల కూలికి అది రోజుకు 90 పైసలు. అడగడానికి బస్సు ఛార్జీ అంతకన్నా ఎక్కువవుతుంది కనుక కూలీలు ఒక్కొక్కరుగా కాక జట్టుగా అడగడమే నయం.

‘జమ అయింది’ అని ఉన్నా పాస్‌బుక్‌లో లేకపోతే

ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది ఇదే. ఆధార్ ఆధారిత చెల్లింపులో ఖాతా నంబరును, బ్యాంకు శాఖను తెలిపే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ను చూడరు. ఆధార్ నంబరు ఏ బ్యాంకుతో మ్యాప్ అయి (ముడిపడి) ఉందో ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) జాబితాలో చూసి, డబ్బును ఆ బ్యాంకుకే పంపుతారు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిన తరువాత కోడ్ మారినందువల్లనే కూలి ఆగిందని కొందరు అనుకుంటారు గాని, ఈ తరహా చెల్లింపుకు ఆ మార్పుతో నేరుగా సంబంధం లేదు.

ఖాతాకు ఆధార్ జతచేయడం వేరు, ఎన్‌పీసీఐలో మ్యాపింగ్ వేరు. మూడు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చినా మ్యాపింగ్ ఉండేది ఒక్క బ్యాంకుతోనే, అదీ చివరిగా చేయించిన బ్యాంకుతో. 2017లో సిమ్ కార్డు కోసం వేలిముద్ర వేసినవారి పేరిట వారికి తెలియకుండానే మొబైల్ కంపెనీకి చెందిన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకొని, గ్యాస్ సబ్సిడీ వాటిలోకి మళ్లిన వ్యవహారం జరిగింది ఇలాగే. మై ఆధార్ వెబ్‌సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిస్తే మ్యాపింగ్ ఉన్న బ్యాంకు పేరు కనిపిస్తుంది. అందుకు ఆధార్‌కు ఇచ్చిన ఫోను దగ్గరుండాలి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది.

అక్కడ కనిపించిన బ్యాంకు మీరు మరచిపోయినదైనా డబ్బు పోలేదు. ఆ బ్యాంకు శాఖలోనో, బ్యాంకు మిత్ర (ఊళ్లో ఉండే బ్యాంకు ప్రతినిధి) దగ్గర వేలిముద్రతోనో తీసుకోవచ్చు. ఇకమీదట వచ్చే కూలి కోరిన ఖాతాలో పడాలంటే, ఆ కోరిన ఖాతా ఉన్న శాఖలో పాత బ్యాంకు పేరు కూడా రాసి ఆధార్ సీడింగ్ అంగీకార పత్రం ఇవ్వాలి. కొత్త మ్యాపింగ్ వల్ల ఇంతకుముందే వెళ్లిన డబ్బు మాత్రం వెనక్కి రాదు.

‘రిజెక్ట్’ అని ఉంటే

రెండేళ్లకు పైగా లావాదేవీలు లేక ఖాతా స్తంభించి ఉండవచ్చు, లేదా కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాల పరిశీలన) పూర్తికాని చిన్న ఖాతా ఏడాదికి లక్ష రూపాయల జమ పరిమితిని దాటి ఉండవచ్చు. రెండింటికీ శాఖలో కేవైసీ ఇస్తే సరిపోతుంది. అయితే ఖాతా బాగుపడగానే కూలి దానంతట అది రాదు. తిరస్కరణకు గురైన చెల్లింపును మళ్లీ పంపవలసింది మండల ఉపాధి హామీ కార్యాలయమే కనుక, కేవైసీ ముగిసిన వెంటనే మస్టర్ నంబరుతో అక్కడ మరో దరఖాస్తు ఇవ్వాలి.