ఫ్లూ జ్వరం, పిల్లల మెదడు: వానలకు ముందే తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది: జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో మరోసారి. చాలామంది పిల్లలకు వారంలో తగ్గిపోతుంది. అరుదుగా కొందరికి మెదడు దెబ్బతింటుంది. అది ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల్లో, జ్వరం మొదలైన రెండు మూడు రోజుల్లోనే ముంచుకొస్తుంది.

ముక్కు పైభాగంలో వాసన పట్టే నరాలు, చిల్లులున్న పల్చటి ఎముక గుండా నేరుగా మెదడుకు చేరతాయి. వైరస్‌కు అదొక దారి కావచ్చు. కానీ ఫ్లూతో మెదడు జబ్బుపడిన పిల్లల వెన్నునీటిలో చాలాసార్లు వైరస్ కనబడదు. అది ఊపిరితిత్తుల్లో ఉండగానే, దానితో పోరాడే క్రమంలో శరీరం రక్తంలోకి వదిలే సైటోకైన్లు అనే రసాయనాలు హద్దు మీరి మెదడు రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి. అక్కడి నుంచి నీరు ఊరి మెదడు వాస్తుంది. అందుకే జ్వరం 102 ఉందా 104 ఉందా అన్నదానికన్నా, బిడ్డ తెలివిలో ఉందా లేదా అన్నది చూడాలి.

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండినప్పటి నుంచి వేయించవచ్చు. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు, పిల్లల డాక్టరును అడగాలి.

మందుల దగ్గర జరిగే పొరపాట్లే ఎక్కువ. పారాసిటమాల్ కిలో బరువుకు 15 మి.గ్రా., ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వాలి. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అంటే, 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉండేదైతే 3 మి.లీ. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, అది 1.5 మి.లీ. చాలు. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే కాలేయం పాడవుతుంది. సీసా మీది అంకె చదవకుండా పొయ్యకండి. మూడు నెలల్లోపు పసికందుకు జ్వరం వస్తే ఇంట్లో మందు వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికే.

ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు అసలు వద్దు. ఫ్లూలోనూ, ఆటలమ్మలోనూ అది ఇస్తే రేస్ సిండ్రోమ్ వచ్చి కాలేయం, మెదడు రెండూ దెబ్బతినే ప్రమాదం ఉంది. డిస్ప్రిన్‌లో ఉండేది ఆస్పిరినే. గుండె జబ్బుకో కవాసాకి జబ్బుకో డాక్టరు చెప్పి రోజూ ఇస్తున్న బిడ్డకైతే సొంతంగా ఆపకండి, ఫ్లూ రాగానే ఆ డాక్టరుకు చెప్పండి. నిమెసులైడ్ అనే జ్వరం మందును 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

ఫిట్స్ వస్తే ముందు గడియారం చూడండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్టలు వదులు చెయ్యండి. నోట్లో చెంచా, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకు హాని చెయ్యవు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. మొదటిసారి వస్తే, ఆగినా సరే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మందు పడి జ్వరం దిగాక బిడ్డ మామూలుగా చూస్తోందా, తాగుతోందా, పిలిస్తే పలుకుతోందా గమనించండి. జ్వరం తగ్గినా మగత వదలకపోయినా, అమ్మను గుర్తుపట్టకపోయినా, సంబంధం లేని మాటలు మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ ఆగిన గంటకు కూడా తేరుకోకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది, ఇవ్వాలో వద్దో డాక్టరు చెబుతారు. జ్వరం మొదలైన సమయం, ఏ మందు ఎన్ని మి.లీ. ఎప్పుడెప్పుడు పోశారు, ఫిట్స్ ఎంతసేపు ఉన్నాయి, బిడ్డ బరువు: ఈ నాలుగూ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.