లంగరు తీరున అన్నదానం, లోపలి విమర్శ

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు వచ్చేవారికి అన్నం పెట్టదలచిన బృందాలు, వంటపాత్రలు అద్దెకు తెచ్చుకునే ముందే సిక్కుల లంగరు, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాల, నడిచే తీరును గమనించడం మంచిది. గురునానక్ నాటి నుంచి వస్తున్న ఆ వంటశాలలో కులం, హోదా అడగకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెడతారు కనుక, ముందుగా ప్రత్యేక అతిథుల కుర్చీలు, దాతల ఫ్లెక్సీలు మానుకోండి. ఫ్లెక్సీ లేకపోతే చందా రాదంటారు. అది కొంత నిజమే.

వడ్డనకు అందరూ ఎగబడతారు, ఎంగిలి విస్తళ్ల దగ్గరికి మాత్రం ఎవరూ రారు. గురుద్వారాలో చెప్పులు సర్దడమూ సేవే కాబట్టి, అధ్యక్షుడి వంతు అక్కడే వేయండి. ఒకసారి సాంబారు బకెట్టుతో ఫొటోకు నిలబడిన నాకు, చివరి పంక్తిలో ఒక పెద్దావిడ ఖాళీ విస్తరి ముందు ఎదురుచూస్తున్న సంగతి ఆలస్యంగా కనిపించింది.

ఇలాంటివి చెప్పుకోవడానికి పండుగ ముగిసిన వారంలోనే కూర్చోండి. 1606లో గురు హరగోవింద్ నెలకొల్పిన, సిక్కుల అత్యున్నత మతపీఠమైన అకాల్ తఖ్త్, తప్పు ఒప్పుకున్న సిక్కుకు శిక్షగా తరచు సేవనే విధిస్తుంది. 2024 డిసెంబరులో పంజాబ్ మాజీ ఉపముఖ్యమంత్రికీ గిన్నెలు తోమే పని పడింది. గురుద్వారాలను సొంత ఆస్తిగా అనుభవించిన మహంతులను, అంటే వాటి నిర్వాహకులను, ఎదిరించిందీ సిక్కులే. ఆ పోరాటమే 1925 నాటి గురుద్వారాల చట్టానికి దారితీసింది. మీరూ బియ్యం పద్దు అందరి ముందు విప్పి, చిన్నవారిని ముందుగా మాట్లాడనివ్వండి. పెద్దలు మాట్లాడాక ‘మీ ఇష్టం అన్నా’ తప్ప మరో మాట రాదు. లెక్క తప్పినవారిని వెలివేయకుండా, వచ్చే ఏడు బోకులు తోమే వరుసలో వారి పేరు ముందు రాయండి.