ఫార్మాట్ కొట్టే ముందు, కొట్టాక: ఇంటి కంప్యూటర్‌కు కొన్ని జాగ్రత్తలు

ఇంట్లో కంప్యూటర్ మొరాయించగానే వినిపించే మొదటి సలహా "ఫార్మాట్ కొట్టించెయ్". డిస్క్ తుడిచి విండోస్ మళ్లీ వేయడం పెద్ద పనేం కాదు. దెబ్బ తగిలేది దానికి ముందో, తర్వాతో. ముందు చూసుకోకపోతే పిల్లల చిన్నప్పటి ఫొటోలు పోతాయి. తర్వాత చూసుకోకపోతే వదిలించుకున్న వైరస్ పాత పెన్‌డ్రైవ్‌లోంచి మళ్లీ దిగుతుంది.

అసలు అవసరమో కాదో ముందు తేల్చుకోండి. స్క్రీన్ కింద కుడిమూల "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని పదే పదే వస్తుంటే చాలాసార్లు అది వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సినిమాల సైట్‌లో "అలౌ" నొక్కి ఉంటారు, ఆ సైట్ క్రోమ్ ద్వారా నోటిఫికేషన్లు పంపుతోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ సైట్‌ను తీసేస్తే ఆగిపోతుంది. అనుమానం తీరకపోతే విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. అది విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. అప్పటికీ విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ కాకుండా మొండికేస్తుంటే మళ్లీ వేయాల్సిందే. ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు చేరి అవి తెరుచుకోకపోతే మాత్రం అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ కావచ్చు, ఆలోచించకుండా నెట్ తీసేయండి, బయటి హార్డ్‌డిస్క్ ఉంటే పీకేయండి.

అంత అత్యవసరం కాకపోతే, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల గడువు రేపనగానో, ఐటీ రిటర్న్ వేయాల్సిన చివరి వారంలోనో ఈ పని పెట్టుకోకండి. ఆ టెన్షన్‌లో బ్యాకప్ సరిగా తీసుకోలేరు.

బ్యాకప్ అంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉన్నాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, ట్యాలీ డేటా ఫోల్డర్, అవుట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైలు ఇలాంటివే. ఇవి కాక ఫొటోలు, పత్రాలు, లెక్కలు మాత్రమే కాపీ చేసుకోండి. పాత సెటప్ ఫైళ్లు, గేములు, "ఆల్ సాఫ్ట్‌వేర్స్" అనే ఫోల్డర్ ముట్టుకోకండి, వైరస్ ఉండేది ఎక్కువగా అక్కడే. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను బాగున్న మరో కంప్యూటర్‌కు పెట్టి, ముందు స్కాన్ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకుంటే మొదటికే మోసం వస్తుంది.

తెలుగు డీటీపీ చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందని కంగారుపడి "ఫ్రీ డౌన్‌లోడ్" అని వెతుకుతారు, కొత్త విండోస్‌లోకి చెత్త దిగేది ఆ వెతుకులాటలోనే. కొన్న సెటప్, లైసెన్స్ వివరాలు ముందే పక్కన పెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లకు పీడీఎఫ్ కాపీ కూడా తీసుకోండి. యూనికోడ్ గౌతమి ఫాంట్ కనిపించకపోతే దానికోసం ఏ సైట్‌కూ వెళ్లక్కర్లేదు. విండోస్ 10, 11లలో అది ఆప్షనల్ ఫీచర్స్ కింద తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌లో ఉంటుంది.

ల్యాప్‌టాప్ అయితే డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ సంగతి చూడాలి. మీకు తెలియకుండానే అది ఆన్ అయి ఉండొచ్చు. సి డ్రైవ్ మాత్రమే తుడిచి డి డ్రైవ్ వదిలేస్తే, తర్వాత డి డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో చూసుకోండి. అలాగే కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి వైఫై డ్రైవర్‌ను (వైఫైని పనిచేయించే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. విండోస్ 11 ఇన్‌స్టలేషన్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది, అప్పటికి వైఫై పనిచేయకపోతే ముందుకు కదలదు.

ఇక వేయడం. వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, దాంతో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టలేషన్ తయారు చేయండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. మొదలుపెట్టే ముందు బ్యాకప్ హార్డ్‌డిస్క్ తీసేయండి, లేదంటే డ్రైవ్‌ల జాబితాలో పొరపాటున దాన్నే తుడిచేసే ప్రమాదం ఉంది. వైరస్ కోసమే చేస్తున్నట్లయితే పాత పార్టిషన్లన్నీ (సి, డి లాంటి డిస్క్ భాగాలు) డిలీట్ చేయాలి. సి ఒక్కటే ఫార్మాట్ కొట్టి డి వదిలేయడం మన దగ్గర అలవాటు. అది సగం పనే. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, మీ మెషీన్ ఒప్పుకుంటే 11 వేసుకోండి.

షాపులో వేయిస్తే ఒక్క మాట ముందే చెప్పండి: "అన్నా, క్రాక్ వద్దు." క్రాక్ అంటే దొంగ విండోస్‌ను యాక్టివేట్ చేసే టూల్, అది పనిచేయాలంటే చాలాసార్లు ముందు డిఫెండర్‌ను ఆపేయమంటారు. తాళం తీసిపెట్టి దొంగను రమ్మన్నట్టే. స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఇలాంటి క్రాక్‌ల ద్వారానే ఇళ్లలోకి చేరింది. నిజానికి ల్యాప్‌టాప్ విండోస్‌తో వచ్చి ఉంటే లైసెన్స్ అందులోనే ఉంటుంది. అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఎక్సెల్, వర్డ్ కోసం కూడా క్రాక్ అక్కర్లేదు, లిబ్రెఆఫీస్ ఉచితం, తెలుగు చక్కగా చూపిస్తుంది.

కొత్త విండోస్ రాగానే ముందు అప్‌డేట్లు, ఆ తర్వాతే పాత ఫైళ్లు. ఫైలు పేరు చివర దాని రకం చెప్పే ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ మార్చండి. అప్పుడు "హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్" అని కనిపించేది అసలు "హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ" అని, అంటే పత్రం కాదు ప్రోగ్రామ్ అని బయటపడుతుంది. జిరాక్స్ షాపుకు తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటే అది వైరస్ పని కావచ్చు, వాటి మీద క్లిక్ చేయొద్దు. ప్రింట్‌కు ఫైలు మెయిల్ చేయడమే మంచిది.

పాస్‌వర్డ్‌లు మార్చడం చాలామంది వదిలేస్తారు. వైరస్ ఉన్న రోజుల్లో బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు, లాగిన్‌లు బయటకు పోయి ఉండొచ్చు, ఫార్మాట్‌తో అవి తిరిగి రావు. శుభ్రమైన ఫోన్ నుంచి ముందు జీమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ కొట్టండి.

అప్‌డేట్లు ఆపొద్దు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ వేయండి" అని ఫోన్ వస్తే కట్ చేయండి, దాంతో మీ కంప్యూటర్‌ను దూరం నుంచి వాళ్లు నడపగలరు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాకప్ డిస్క్‌ను కాపీ చేసేటప్పుడు మాత్రమే తగిలించి, అవగానే తీసి బీరువాలో పెట్టండి.