విపత్తు తర్వాత ఊరి సాంస్కృతిక జీవితాన్ని మళ్లీ నిలబెట్టడం ఎలా?

విపత్తు వచ్చినప్పుడు ప్రాణాలు, తిండి, నీళ్లు, తలదాచుకునే చోటు ముందు చూడాలి. అయితే పాట, పండుగ, చేతిపని ఇళ్లు కట్టుకున్నాక తీరిగ్గా ఆలోచించుకోవలసినవని అనుకోవడం సరికాదు. వాటిని నడిపే పెద్దలు, గురువులు, పనివారు శిబిరాలకూ బంధువుల ఇళ్లకూ చెదిరిపోయాక, వారిని తిరిగి ఒకచోటికి చేర్చడం నెలనెలకూ కష్టమవుతుంది.

మొదటి పని: తడిసినవాటిని పారేయకండి

కట్టడంలోకి వెళ్లడం క్షేమమని నిర్ధారణ అయిన తర్వాతే లోపలికి వెళ్లండి. తడిసిన కాగితాలకు సుమారు 48 గంటల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది కాబట్టి వాటిని ఎండలో కాకుండా, గాలి ఆడే నీడలో విడివిడిగా ఆరబెట్టాలి. బురద పట్టిన ఫొటోలను శుభ్రమైన చల్లని నీటిలో మెల్లగా ముంచి తీసి, బొమ్మ ఉన్న వైపు తాకకుండా, ఆ వైపు పైకి ఉండేలా పరచాలి. ఒకదానికొకటి అంటుకున్నవాటిని బలవంతంగా లాగకూడదు. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే పాలిథిన్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. 2011 మార్చి 11 నాటి సునామీ తర్వాత జపాన్‌లో స్వచ్ఛంద సేవకులు బురదలో దొరికిన కుటుంబ ఫొటోలను ఇలాగే కడిగి, ఆరబెట్టి, సొంతదారులు వచ్చి గుర్తుపట్టేలా ప్రదర్శనకు ఉంచారు. అన్నీ కోల్పోయిన మనిషికి తల్లి ముఖం తిరిగి దొరకడం చిన్న విషయం కాదు.

రెండో పని: ఎవరికి ఏమి వచ్చో రాసుకోండి

పోయిన వస్తువుల పట్టిక కంటే ముందు మనుషుల పట్టిక తయారుచేయండి. పాడేవారు, వాయించేవారు, వాయిద్యం బాగుచేసేవారు, వేషాలు కుట్టేవారు, పండుగ జరిపే క్రమం తెలిసినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, ఏ ఫోన్ నంబరులో దొరుకుతారో రాయండి. వయసు మళ్లినవారి పాటలను, జ్ఞాపకాలను వారి అనుమతితో వెంటనే రికార్డు చేయండి. ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చేదో కూడా అడగాలి, ఎందుకంటే కళ నిలబడేది చాలాసార్లు దాని మీదే. 2001 జనవరి 26 నాటి భూకంపం తర్వాత గుజరాత్‌లోని కచ్ జిల్లా ధమడ్కా గ్రామంలో నీటి గుణం మారి రంగులు మునుపటిలా రాకపోవడంతో, అక్కడి అజ్రఖ్ అనే బట్టల అద్దకం పనివారిలో అనేకులు భుజ్ సమీపంలో అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. పునరావాస స్థలం ఎంపికలో చేతిపనివారి మాట వినాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మూడో పని: భవనం కోసం ఆగకుండా ఒకచోట కలవండి

కూలిన సభామందిరం లేచేదాకా కార్యక్రమాలు వాయిదా వేయనక్కరలేదు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి భూకంపం తర్వాత ఖాళీ స్థలాలే వేదికలయ్యాయి. 2012లో అక్కడ ఒక పాత బట్టలుతికే యంత్రాన్ని మార్చి, నాణెం వేస్తే పాట మోగే బహిరంగ నృత్య వేదికగా చేశారు.

తొలి కలయికకు ఊరి క్యాలెండర్‌లో ఇప్పటికే ఉన్న రోజునే ఎంచుకోండి. అది ఉత్సవంలా ఉండాలా, చనిపోయినవారిని తలచుకునే సభలా ఉండాలా అన్నది ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలను అడిగి నిర్ణయించండి. వారు ఈ ఏడాది వద్దంటే ఆగండి, లేదా మేళతాళాలు లేకుండా దీపం వెలిగించి ముగించండి. పిల్లలకు ఏదో ఒక పని అప్పగించండి.

విరాళాలు ఇచ్చేవారు ఏమి కావాలని అడిగినప్పుడు, కొత్త భవనం కంటే ముందు వాయిద్యాలు, మగ్గాలు, వేషాలు, సాధన చేసేవారి దారిఖర్చులు అడగండి.