చుక్కలు రెండు కనబడ్డాయి, కృష్ణబిలాలూ రెండేనా? సమస్య - పరిష్కారం

కలిసిపోతున్న గెలాక్సీల నడిబొడ్డున జంట కృష్ణబిలాలను వెతకడానికి సొంత టెలిస్కోప్ అక్కర్లేదు. స్లోన్ ఆకాశ సర్వే, చంద్రా ఎక్స్-రే టెలిస్కోప్, వీఎల్ఏ రేడియో టెలిస్కోపుల పాత డేటా అందరికీ ఉచితం. ఉస్మానియా లైబ్రరీలో కూర్చున్నా, కందిలో ఐఐటీ హాస్టల్లో కూర్చున్నా ల్యాప్‌టాప్, నెట్ ఉంటే పని మొదలవుతుంది. చిక్కంతా వడపోతలోనే. క్యాండిడేట్లు వందల్లో తేలతాయి, చివరిదాకా నిలిచేవి గుప్పెడు.

సమస్య: ఒకే గెలాక్సీలో పక్కపక్కనే రెండు మెరిసే చుక్కలు.

కారణం: చాలాసార్లు ఒకటి మన పాలపుంత నక్షత్రమే. లేదంటే వెనకాల ఎక్కడో ఉన్న వేరే గెలాక్సీ.

పరిష్కారం: ముందు నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహపు కేటలాగ్‌లో ఆ స్థానం వెతకండి. స్పష్టమైన పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల స్థానం జరిగినట్టు కనబడటం) గానీ సొంత కదలిక గానీ ఉంటే అది నక్షత్రం, అక్కడితో వదిలేయండి. తర్వాత రెండు చుక్కలకూ విడివిడిగా రెడ్‌షిఫ్ట్ కావాలి, అంటే స్పెక్ట్రమ్‌లోని గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయన్న కొలత. దూరం, వేగం దాని నుంచే తెలుస్తాయి. వేగాల తేడా సెకనుకు 500-600 కిలోమీటర్ల లోపు ఉంటేనే జంట అనుకోవచ్చు. ఒకదానికే స్పెక్ట్రమ్ ఉంటే దాన్ని జాబితాలో 'తేలలేదు' అని రాసి పక్కన పెట్టండి, 'జంట' అని రాయకండి. రెండూ క్వేజార్లై (వాయువును మింగుతూ విపరీతంగా వెలిగే కృష్ణబిలాలై), స్పెక్ట్రాలు అచ్చుగుద్దినట్టు ఉంటే గ్రావిటేషనల్ లెన్స్ వల్ల, అంటే మధ్యలోని గెలాక్సీ గురుత్వం కాంతిని వంచడం వల్ల, ఒకే క్వేజార్ రెండుగా కనబడుతూ ఉండొచ్చు. మధ్యలో లెన్స్ గెలాక్సీ ఉందేమో హబుల్ చిత్రాల్లో చూడాలి.

సమస్య: ఆక్సిజన్ 5007 ఆంగ్‌స్ట్రామ్ గీత రెండు శిఖరాలుగా చీలింది.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే వాటి చుట్టూ ఉన్న వాయువు ఇలా రెండు వేగాల్లో కనబడుతుంది, నిజమే. కానీ ఒకే కేంద్రకం (కృష్ణబిలం ఉండే గెలాక్సీ నడిబొడ్డు) చుట్టూ తిరిగే వాయు పళ్లెం, ఒకే కేంద్రకం రెండు వైపులా ఎగదన్నే వాయుప్రవాహం కూడా సరిగ్గా ఇదే ఆకారాన్ని ఇస్తాయి. చీలిన గీతల్లో అత్యధికం ఈ ఒకే కేంద్రకం కోవవే. పైగా కాంతిని స్పెక్ట్రోగ్రాఫ్‌కు చేర్చే స్లోన్ పాత ఫైబర్ వెడల్పు ఆకాశం మీద 3 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). రెడ్‌షిఫ్ట్ 0.1 దగ్గర అది దాదాపు 18 వేల కాంతి సంవత్సరాలు. అంతలో ఉన్న వాయువంతా ఒకే స్పెక్ట్రమ్‌లో కలగలిసిపోతుంది.

పరిష్కారం: ముందు చీలిక నిజమేనా అన్నది తేల్చండి. ఆక్సిజన్‌దే అయిన 4959 గీత కూడా అదే వేగాల తేడాతో చీలాలి, ప్రతి శిఖరంలోనూ 5007 దానికి దాదాపు మూడింతలు బలంగా ఉండాలి. 5007 ఒక్కటే చీలితే కాస్మిక్ రే గానీ ఆకాశపు గీత గానీ అయి ఉంటుంది. ముఖ్యంగా రెడ్‌షిఫ్ట్ 0.114 దగ్గర జాగ్రత్త. అక్కడ 5007 గీత జరిగి జరిగి భూవాతావరణపు 5577 ఆక్సిజన్ గీత మీదే పడుతుంది. ఆ తర్వాత వేగం లెక్క: రెడ్‌షిఫ్ట్ 0.1 అయితే గీత 5508 దగ్గర ఉంటుంది. శిఖరాల మధ్య 6 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటే 6ని 5508తో భాగించి, కాంతివేగంతో గుణిస్తే సెకనుకు సుమారు 327 కిలోమీటర్లు.

ఇది నిలబడ్డాక రెండు కేంద్రకాలనూ కలిపే గీత వెంట స్లిట్ (సన్నని చీలిక) పెట్టి తీసిన స్పెక్ట్రమ్ గానీ, స్లోన్‌లో భాగమైన మాంగా లాంటి సర్వే ఇచ్చే చోటుచోటు స్పెక్ట్రా గానీ కావాలి. ఒక్కో శిఖరం ఒక్కో కేంద్రకం మీదే కూర్చుంటే ముందుకు వెళ్లండి. వేగం ఒక చివర నుంచి మరో చివరకు నున్నగా మారుతూ పోతే అది తిరిగే పళ్లెం. అప్పుడు ఎంత ఇష్టపడ్డ క్యాండిడేట్ అయినా కొట్టేయాల్సిందే.

సమస్య: రేడియో మ్యాప్‌లో రెండు చుక్కలు.

కారణం: ఒకటి కృష్ణబిలం, రెండోది దాని జెట్‌లోని (కృష్ణబిలం దగ్గర నుంచి ఎగజిమ్మే సన్నని ధారలోని) ముడి కావచ్చు.

పరిష్కారం: స్పెక్ట్రల్ ఇండెక్స్ కట్టండి, అంటే పౌనఃపున్యంతో పాటు ప్రకాశం ఎంత వేగంగా మారుతోందో. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రకాశం 10 మిల్లీజాన్‌స్కీలు, 5 దగ్గర 4 ఉంటే 4 బై 10, అంటే 0.4 లాగ్‌ను, 5 బై 1.4 లాగ్‌తో భాగించాలి. వచ్చేది -0.72. ఇది నిటారు స్పెక్ట్రమ్, జెట్ వాయువు మీదే అనుమానం. రెండు చుక్కలూ -0.5 కంటే చదునుగా, బిగువుగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ఒక షరతు: సన్నని బీమ్ (మ్యాప్‌లో విడిగా కనబడే అతిచిన్న మచ్చ పరిమాణం) ఉన్న మ్యాప్‌ను ముందు వెడల్పు బీమ్‌కు మసకబార్చాలి. ఇది మరిస్తే విస్తరించిన వెలుగు ఒక మ్యాప్‌లో తప్పిపోయి, ఇండెక్స్ లేనిపోని నిటారుగా వస్తుంది. 0402+379 గెలాక్సీలో వీఎల్‌బీఏ రేడియో టెలిస్కోపుల వ్యవస్థ చూపిన రెండు కేంద్రకాలు ఇలాగే చదునుగా ఉన్నాయి, మధ్య దూరం కేవలం 24 కాంతి సంవత్సరాలు.

సమస్య: ఎక్స్-రే చిత్రంలో ఒక్క చుక్కే.

కారణం: విలీనంలో వాయువు, ధూళి కేంద్రానికి జారి రెండోదాన్ని కప్పేస్తాయి. మెత్తటి (తక్కువ శక్తి) ఎక్స్-రేలు ఆ తెర దాటి రావు.

పరిష్కారం: 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పైనున్న ఫోటాన్లతోనే చిత్రాన్ని మళ్లీ కట్టండి. 6.4 దగ్గర ఇనుము గీత కోసం చూడండి. ఎన్‌జీసీ 6240లో 1.8 ఆర్క్‌సెకన్ల ఎడంలో ఉన్న జంటను చంద్రా పట్టింది ఇలా గట్టి ఎక్స్-రేల్లోనే. అప్పటికీ రెండోది కనబడకపోతే 'లేదు' అని కాదు, 'ఇంత ప్రకాశం లోపు' అని పరిమితి రాయండి.

సమస్య: కాంతి వక్రరేఖ (కాలంతో ప్రకాశం మారే తీరు) లయగా ఊగుతోంది.

కారణం: ఒంటరి క్వేజార్ కూడా రెడ్ నాయిస్‌తో (నెమ్మదిగా, లయ లేకుండా వచ్చే హెచ్చుతగ్గులతో) రెండు మూడు చక్రాలు లయ ఉన్నట్టే కనబడుతుంది. 2015లో పీజీ 1302-102 క్వేజార్‌కు 5.2 ఏళ్ల ఆవృతి ప్రకటించాక వచ్చిన చర్చంతా దీని మీదే.

పరిష్కారం: కనీసం అయిదు చక్రాల డేటా పోగేయండి. అదే విరామాలతో, అదే కొలత దోషాలతో వేల కృత్రిమ రెడ్ నాయిస్ వక్రరేఖలు సృష్టించి, వాటిలో ఎన్ని మీ దానిలాగే ఊగుతున్నాయో లెక్కపెట్టండి. కాంతి సంవత్సరం లోపు దగ్గరైన జంటలకు ఆప్టికల్ చిత్రాలు ఆసరా ఇవ్వవు. ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులూ ఉన్న భారతీయ పల్సర్ బృందం ఇన్‌పీటీఏ, గడియారాల్లా క్రమంగా స్పందించే పల్సర్ నక్షత్రాలతో చేస్తున్న పని అలాంటి జంటల కోసమే. 2023 జూన్‌లో నానోహెర్ట్జ్ గురుత్వ తరంగాల ఆనవాళ్లు ప్రకటించిన బృందాల్లో అదీ ఒకటి. అయితే ఆ రొద ఆకాశమంతటి నుంచీ కలిసి వస్తున్నది, ఫలానా గెలాక్సీదని ఇంకా చెప్పదు.