కుకీ మీద ఐసింగ్ అద్దంలా పరుచుకోవాలంటే

క్రిస్మస్‌కి ఇంట్లోనే కుకీలు చేసేవాళ్లు మా అనంతపురంలోనూ ఉన్నారు, కానీ పైన ఐసింగ్ దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే గోడు: గుంటలు, బుడగలు, పక్కలకి కారిపోవడం. చేయి తిరగలేదనుకుంటారు గానీ, నేను చూసినంతవరకు పది సార్లలో తొమ్మిది సార్లు పాలో నీళ్లో ఒక చెంచా ఎక్కువ పడి ఉంటాయి.

కుకీ సంగతి త్వరగా చెప్పేస్తా. మైదా, వెన్న, పంచదారతో చేసే మామూలు కుకీయే, బేకింగ్ పౌడర్ వేయకండి, పైభాగం చదునుగా వస్తుంది. పూర్తిగా చల్లారేదాకా ఐసింగ్ జోలికి పోవద్దు. పోయినేడు ఆగలేక గోరువెచ్చగా ఉన్నప్పుడే వేశాను, నక్షత్రాలన్నీ కరిగిన కొవ్వొత్తుల్లా తయారయ్యాయి (పిల్లలు మాత్రం వాటినే ముందు ఖాళీ చేశారు).

ఐసింగ్‌కి 250 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి), రెండు టేబుల్ స్పూన్ల కాచి చల్లార్చిన పాలు, నాలుగు టీ స్పూన్ల లిక్విడ్ గ్లూకోజ్ (చిక్కటి పాకంలా ఉండేది), నాలుగు చుక్కల నిమ్మరసం. గ్లూకోజ్ వల్లే మెరుపు, అది చెంచాకి బంకలా అంటుకుంటుంది కాబట్టి చెంచాను ముందు తడి చేసుకోండి. గుడ్డు తెల్లసొనతో చేసే రాయల్ ఐసింగ్ ఇంకా గట్టిగా ఆరుతుంది, నిజమే, కానీ పచ్చి గుడ్డు పిల్లలకి పెట్టడం నాకిష్టం లేదు. పంచదార మిక్సీలో పట్టుకుంటే చాలదా అంటారు, ఎంత పట్టినా పలుకు ఉంటుంది, కొన్నదే వాడండి. దాన్నీ జల్లించాలి, చిన్న ఉండ ఒక్కటి చాలు, ఐసింగ్ నింపి గీసే కోన్ మొన మూసుకుపోవడానికి. బీటర్ పెట్టకుండా చెంచాతో నిదానంగా కలిపితే బుడగలు తక్కువ.

ఇప్పుడు దీన్ని రెండు గిన్నెల్లోకి తీయండి. ఒకటి అంచుకి, ఒకటి నింపడానికి. అంచుది టూత్‌పేస్ట్‌లా నిలబడాలి. నింపేదాంట్లో పాలు చుక్క చుక్కగా కలుపుతూ చెంచాతో ఎత్తి వదలండి, గిన్నెలో పడిన గీత 10 నుంచి 15 సెకన్లలో కలిసిపోతే సరిపోయినట్టు, ఇంకా ముందే మాయమైతే కాస్త షుగర్ కలపాలి. రంగు వేసేది కూడా ఈ దశలోనే, జెల్ రంగయితే పుల్ల మొనకి అంటినంత చాలు, నీళ్ల రంగు వేస్తే మళ్లీ పలచబడుతుంది.

గోరింటాకు కోన్ పట్టినవాళ్లకి తర్వాతి పని కొత్తేమీ కాదు. కోన్ మొనని కుకీకి ఆనించకుండా కొంచెం పైకెత్తి దారం జారవిడిచినట్టు అంచు గీయండి, ధనుర్మాసం ముగ్గుకి గీత గీసి లోపల రంగు నింపినట్టే, ఇక్కడా ఐదు నిమిషాలాగి లోపల నింపి, పుల్లతో మూలలకి తోసి, బుడగలు పొడిచి, కుకీని బల్ల మీద మెల్లగా అటూ ఇటూ కదపండి.

మన ఊళ్లో ఒక తిరకాసుంది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు, డిసెంబరు గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే. ఐసింగ్ త్వరగా ఆరుతుంది, అది మంచిదే, కానీ గిన్నెలో ఉన్నదానికీ అంతే త్వరగా పొర కడుతుంది, ఆ పొరే కుకీ మీద గీతలవుతుంది. అందుకే గిన్నె మీద తడిగుడ్డ కప్పే ఉంచాలి, కుకీలు ఒకేసారి పది పదిహేనుకి అంచు గీసేసి కూర్చోకుండా రెండేసి చొప్పున ముగించాలి. నింపాక ఫ్యాన్ చిన్నగా పెడితే మెరుపు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులు కలిసిపోతాయి.

ఎరుపు పక్కన తెలుపు వేయాలంటే ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. రాత్రంతా ఆరనిచ్చి, పళ్లెం కింద నీళ్ల గిన్నె పెట్టి (చీమలకి మనకంటే ముందే పండగ), పొద్దున డబ్బాలో వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వేసి సర్దండి.