నెట్‌బాల్ పిల్లలకి ఫిట్‌నెస్ టెస్ట్ పెట్టాలంటే టేపు, ముగ్గుపిండి, ఫోన్ చాలు

మన హైదరాబాద్‌లో ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున ఎనిమిదిన్నరకే గ్రౌండ్ పెనంలా కాలిపోద్ది, అందుకే 6కి మొదలుపెట్టి 8 లోపు అయిపోయేలా చూస్కోండి. గీతలకి ముగ్గుపిండి వాడండి, చాక్ పౌడర్‌కి డబ్బులు దండగ.

ముందు వరస చెప్తా, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. ఒకసారి బీప్ టెస్ట్ (బీప్ కొట్టే లోపు ఒక గీత నుంచి ఇంకో గీతకి పరిగెత్తే స్టామినా టెస్ట్) ఆడియో రెడీగా ఉంది కదా అని అదే ఫస్ట్ పెట్టేశా, తర్వాత జంప్ చూస్తే అందరికీ పోయినసారి కన్నా తక్కువే వచ్చింది, పిల్లల్ని ఊరికే తిట్టా పాపం, కాళ్ళు అప్పటికే అయిపోయినయ్. సో వార్మప్, తర్వాత జంప్, స్ప్రింట్, టర్నింగ్, చివర్లోనే బీప్. మధ్యలో 3, 4 నిమిషాలు రెస్ట్.

జంప్‌కి గోడ పక్కన నిలబెట్టి, మడమలు లేపకుండా చెయ్యి ఎంత అందుతుందో గుర్తు పెట్టండి, తర్వాత వేళ్ళకి పిండి రాసుకుని ఎగిరి కొట్టమనండి, రెండు గుర్తుల మధ్య దూరమే స్కోరు. మూడు ఛాన్సులు, బెస్ట్ రాసుకోండి. నెట్‌బాల్‌లో గోల్ వేసే రింగు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటది కాబట్టి గోల్ కీపర్‌కి, షూటర్‌కి ఇది చాలా ముఖ్యం.

స్ప్రింట్ 10 మీటర్లు చాలు, కోర్టే 30.5 మీటర్లు, అందులో సెంటర్ పొజిషన్‌లో ఆడే పిల్ల తప్ప ఎవరూ మూడు భాగాల్లోనూ తిరగరు. టర్నింగ్‌కి 505 టెస్ట్ చేయండి: 15 మీటర్ల గీత గీసి 10 దగ్గర ఒక కోన్ పెట్టండి, పిల్ల ఫుల్ స్పీడ్‌లో వచ్చి కోన్ దాటగానే టైం స్టార్ట్, చివరి గీత తొక్కి తిరిగొచ్చి మళ్ళీ కోన్ దాటగానే స్టాప్. కుడి కాలితో, ఎడమ కాలితో విడిగా చేయించండి, తేడా ఎక్కువుంటే నెమ్మదిగా తిరిగే కాలి మీద పని చేయాలి. స్టాప్‌వాచ్ కన్నా ఫోన్‌లో స్లోమోషన్ తీసుకుంటే నయం, మన బొటనవేలు ఒక్కో సారి ఒక్కోలా నొక్కుద్ది.

ఇప్పుడు అందరూ వదిలేసేది, ల్యాండింగ్. ఈ ఆటలో బాల్ పట్టుకుని దిగాక, దిగిన కాలు ఎత్తితే బాల్ వదిలేదాకా మళ్ళీ నేల మీద పెట్టకూడదు, 3 సెకన్లలో పాస్ గానీ షాట్ గానీ వేసేయాలి కూడా, అంటే పరిగెత్తుతూ వచ్చి ఒంటికాలి మీద బ్రేక్ వేయాల్సిందే. గ్యాలరీ మెట్టు మీంచి, ఓ 30 సెంటీమీటర్లు ఉంటే చాలు, ఒంటికాలితో దిగి కదలకుండా ఆగమని చెప్పి ముందు నుంచి వీడియో తీయండి. మోకాలు లోపలికి వంగిపోతుందా? అలాంటి పిల్లకి స్కోర్ల సంగతి తర్వాత, ముందు తొడ, తుంటి కండల ఎక్సర్‌సైజులు మొదలుపెట్టండి, ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) పోయిందంటే నెలల తరబడి ఇంట్లోనే.

బీప్ టెస్ట్ 20 మీటర్లు, స్పీడ్ గంటకి 8.5 కిలోమీటర్లతో మొదలై నిమిషానికి అర కిలోమీటర్ పెరుగుద్ది, వరసగా రెండుసార్లు గీత అందకపోతే అవుట్. సెంటర్ స్కోరుతో గోల్ కీపర్‌ని పోల్చకండి ప్లీజ్, ఆ పిల్లది వేరే పని.

నోట్‌బుక్‌లో నంబర్లతో పాటు ఏ గ్రౌండు, ఎన్నింటికి, ఏ షూస్ అన్నీ రాయండి. ఆరు వారాల తర్వాత మళ్ళీ పెట్టేటప్పుడు మట్టి గ్రౌండ్‌లోంచి సిమెంట్ కోర్టుకి మారిపోయి, టైం తగ్గిందని సంబరపడిపోతాం లేకపోతే.